ఇరవై మూడో గది పరదా

గురువారం పొద్దున సింధూజ వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. గదిలో బూజు దులపడం, బల్ల తుడవడం, శనివారం పదకొండు గంటలకు హాస్టల్ చూసుకునే రెక్టర్ మేడమ్‌కు తాళంచెవి అప్పగించి ఇంటికి పోవడం. బీఎస్సీ ఆఖరి పరీక్ష బుధవారంతో అయిపోయింది. అమ్మాయిల హాస్టల్ అంతా పెట్టెలు సర్దుకునే చప్పుడే. వరండాల్లో పాత నోట్సులు, విరిగిన బకెట్లు, ఎవరూ తమవని ఒప్పుకోని చెప్పులు కుప్పలు పడి ఉన్నాయి. మూడేళ్ళు ఉన్న గదిని వదిలిపోతున్నామని పక్క గదుల వాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. సింధూజ ఏడవలేదు. జూన్‌లో మళ్ళీ ఇదే గదికి రావాలని ఆమె కోరిక.

అసలు సంగతి అదే. ఎమ్మెస్సీ సీటు ఇదే విశ్వవిద్యాలయంలో ఖాయమైంది గానీ హాస్టల్ సీటు ఇంకా కాలేదు. సూరత్‌లో ఇల్లున్న పిల్లలకు హాస్టల్ ఇవ్వరు. ఇల్లు గంటన్నర ప్రయాణం దూరంలో ఉంటే మాత్రం ఇస్తారు. సింధూజ వాళ్ళది పాండేసర. హాస్టలేమో తాపీ నదికి ఇవతల, అడాజన్ దాటాక. రెండు బస్సులు మారితే సరిగ్గా గంటన్నర పడుతుంది, మారే చోట బస్సు కోసం నిలబడిన సేపుతో కలిపి. ఆ గంటన్నర పుణ్యమా అనే ఆమెకు మూడేళ్ళు గడిచాయి. ఎమ్మెస్సీ రెండేళ్ళూ అలాగే గడవాలంటే గదిని ఎలా తీసుకుందో అలాగే మచ్చ లేకుండా అప్పగించాలి. అప్పగింతలో వంక పడ్డ వాళ్ళ దరఖాస్తును రెక్టర్ సుభాషిణీబెన్ తెరిచి కూడా చూడదు.

ఇంటి దగ్గర ఉన్నవి రెండు గదులు. నాయిన రాజనర్సు పాతికేళ్ళ కిందట సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఖటోదరాలో మరమగ్గాల మీద పని చేస్తున్నాడు. అమ్మ ప్రమీల ఇంట్లోనే చీరలకు లేసు కుడుతుంది. చీరల మూటలు దిగిన రోజు ఆ ఇంట్లో మనుషులు దారి వెతుక్కుని నడవాలి. ఇంటర్ రెండేళ్ళూ సింధూజ మూటల మీద కూర్చునే చదివింది. సరిగ్గా ఆమె కూర్చున్న మూటే అమ్మకు ముందుగా కావలసి వచ్చేది. హాస్టల్‌కు వచ్చాక మొదటిసారి ఆమెకు సొంత బల్ల దొరికింది. రాత్రి పుస్తకం తెరిచి పెట్టి పడుకుంటే పొద్దునకు అదే పేజీ తెరిచి ఉండడం ఆమెకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. ఆ బల్ల పోతే చదువు పోయినట్టేనని ఆమె నిజంగానే భయపడుతోంది.

ఆ బల్లకు అడ్డం వచ్చింది ఒక మరక. హోలీ రోజు గదిలో తోడుండే అనురాధ తన తడి చున్నీని కిటికీ పరదా మీద ఆరేసింది. లేత పిస్తా రంగు పరదా మీద జామకాయంత గులాబీ మరక పడింది. నెలన్నర పాటు ఇద్దరూ దాని మీద క్యాలెండరు వేలాడదీసి మరకను మరిచిపోయారు. అనురాధ పరీక్ష అయిన సాయంత్రమే వల్సాడ్ రైలెక్కి, క్యాలెండరు తీసుకుని వెళ్ళిపోయింది. మరకను సింధూజకు వదిలేసింది.

అప్పుడు సింధూజ ఒక్క పొరపాటు చేసింది. ఇంటికి ఫోన్ చేసింది. బట్టల మధ్య బతికే ఇల్లు గనక నిమ్మకాయో, వంటసోడానో చెబుతారని ఆమె అనుకుంది. ప్రమీల మరక ఎంతుందని, ఎన్నాళ్ళదని, ఉతికితే పోని పక్కా రంగా, పోయే కచ్చా రంగా అని డాక్టరు అడిగినట్టు అడిగింది. చివరి ప్రశ్నకు సింధూజ తెలియదనేసరికి ఫోన్ రాజనర్సు చేతికి పోయింది.

"నువ్వు దాన్ని ముట్టకు బిడ్డా. సబ్బు గిబ్బు పెట్టకు. నేను వస్తున్న."

"వద్దు నాయినా, ఏం పెట్టి ఉతకాల్నో చెప్తే చాలు" అంటూండగానే అవతల బండి స్టార్టయిన చప్పుడు వినబడింది.

ముప్పై ఐదు నిమిషాల్లో రాజనర్సు హాస్టల్ గేటు ముందున్నాడు. మగవాళ్ళు లోపలికి రాకూడదు గనక కాపలాదారు శ్యాంసుందర్ రిజిస్టర్లో పేరు, ఊరు, రాకపోకల వేళ రాయించుకుని ఆయన్ని గేటు పక్కన విజిటర్స్ గదిలో కూర్చోబెట్టాడు. సింధూజ పరదా విప్పి తెచ్చి ఇచ్చింది. రాజనర్సు దాన్ని వెలుతురుకు పట్టాడు, రెండు వేళ్ళ మధ్య నలిపాడు, అంచు నుంచి ఒక పోగు లాగాడు. తర్వాత జేబులోంచి అగ్గిపెట్టె తీసి ఆ పోగును కాల్చాడు. అది కరిగి చిన్న నల్ల గుండు కట్టింది. పాలిస్టరేనని తృప్తిపడ్డాడు. సూరత్‌లో బట్ట నేసేవాళ్ళకు, రంగులద్దేవాళ్ళకు కొత్త బట్టతో పరిచయం ఇలాగే మొదలవుతుంది. శ్యాంసుందర్ ఆ రకం మనిషి కాదు. వాసనకు పరుగున వచ్చి, బీడీ కోసం నేలంతా వెతికి, దొరక్క, రిజిస్టర్లో ఆ పేరుకెదురుగా "అగ్గిపుల్ల గీశారు, కారణం తెలియదు" అని రాసుకున్నాడు.

రాజనర్సు పరదా చుట్ట చుట్టుకుని నేరుగా తమ్ముడు కమలాకర్ దగ్గరికి పోయాడు. కమలాకర్ పాండేసరలో ఒక రంగుల మిల్లులో పని చేస్తాడు. ఇచ్చిన నమూనా రంగుకు బట్ట రంగు కలిసిందా లేదా చూడడమే అతని ఉద్యోగం. ఉతికితే మరక పోదని, పాత రంగు తీసేసి మళ్ళీ కొత్తగా ఎక్కించాలని అతను తేల్చాడు. అయితే ఈ పరదా ఎండకు వెలిసింది, మీద మరకొకటి. దీన్ని చూసి అసలు రంగేదో చెప్పడం కష్టం. అదే రకం బట్టలో వెలవని ముక్క కొంచెం కావాలన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి రాజనర్సు మళ్ళీ హాస్టల్‌కు వచ్చాడు. సింధూజ పైనుంచి దిగి వచ్చేలోపు విజిటర్స్ గదిలో ఒక్కడే కూర్చున్నాడు. ఎదురుగా పెద్ద కిటికీకి అదే పిస్తా రంగు పరదా వేలాడుతోంది, ఎండ తగలని మూల కనక రంగు చెక్కుచెదరలేదు. ఆయన లేచి, జేబులోంచి దారాలు కత్తిరించే చిన్న కటర్ తీసి, కింది మూలన రెండంగుళాల చదరపు ముక్క తీసుకున్నాడు. బట్టల బజారులో నమూనా ముక్క తీసుకోవడానికి ఎవరూ ఎవరినీ అడగరు. తీసుకోకపోతేనే కొనే ఉద్దేశం లేదేమోనని చిన్నబుచ్చుకుంటారు. ముక్క చొక్కా జేబులో పెట్టుకున్నాక సింధూజ వచ్చింది. పని అవుతుంది, నిశ్చింతగా ఉండమని ఆయన చెప్పి వెళ్ళాడు. ఆ రోజు ఆమె నిజంగానే నిశ్చింతగా ఉంది.

శుక్రవారం పొద్దున సుభాషిణీబెన్ కంట ఆ కన్నం పడింది. ఆమె పొట్టి మనిషి. గొంతు ఎప్పుడూ పెంచదు, అందుకే అమ్మాయిలందరికీ ఆమె అంటే హడల్. ఎలుకలు కొట్టాయేమో అని శ్యాంసుందర్ అన్నాడు. సుభాషిణీబెన్ జేబు స్కేలు పెట్టి కొలిచి, నాలుగు వైపులా సమానంగా కొట్టే ఎలుకను తాను ఇంతవరకు చూడలేదంది. ఏడాది చివర వెళ్ళిపోయే పిల్లలు జ్ఞాపకానికని గది నంబరు పలకలు, నోటీసు బోర్డు పిన్నులు పట్టుకుపోవడం ఆమెకు తెలుసు. ఇప్పుడు పరదాలదాకా వచ్చారని అర్థమైంది. పది గంటలకల్లా నోటీసు పెట్టింది. ముక్క ఎవరు కత్తిరించారో తేలేదాకా ఏ గదీ అప్పగింత తీసుకోదు.

హాస్టల్ అట్టుడికింది. రైలు టికెట్లున్న వాళ్ళున్నారు, పెట్టెలు కట్టేసుకుని చాపల మీద పడుకుంటున్న వాళ్ళున్నారు. మెస్సులో అందరూ పోగై మాట్లాడుతుంటే అందరికన్నా గట్టిగా మాట్లాడింది సింధూజే. ఒకరి సరదాకు నలభై ఎనిమిది గదులు ఆగిపోవాలా, చేసిన వాళ్ళకు సిగ్గుండాలి, ఇంట్లో పెంపకం అలాంటిది అని కూడా అంది. అందరూ అవునన్నారు. సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ మోగింది.

"రంగు అచ్చం కలిసింది బిడ్డా" అన్నాడు రాజనర్సు సంబరంగా. "కమలాకర్ కాక మిల్లుల మాస్టరుకు సుత చూపెట్టిండు. సాంపిల్ మంచిగుండె, అందుకే కలిసింది అన్నడట."

"ఏం సాంపిల్ నాయినా?"

"మీ హాస్టల్ది. కింద రూముల పరదది. జరంత కోసుకొచ్చిన."

సింధూజ మెస్సు లోంచి మెల్లగా బయటికి వచ్చింది. పెంపకం గురించి తానన్న మాట ఆమె వెనకే వచ్చింది. నిజం చెప్పేద్దామని ఆఫీసుకు పోతే, సుభాషిణీబెన్ విశ్వవిద్యాలయం మీటింగుకు పోయిందని, రేపు పొద్దుననే వస్తుందని తెలిసింది. ఒక్క రోజు చేతిలో ఉందన్నమాట. ఆ ముక్క తిరిగి తెచ్చి అతికిస్తే, ఒప్పుకునేటప్పుడు కనీసం చూపించడానికి బాగుపడ్డ పరదా ఉంటుందని ఆమె మళ్ళీ ఇంటికే ఫోన్ చేసింది.

పన్నెండింటికి రాజనర్సు వచ్చాడు. వెనక సీటు మీద ప్రమీల ఉంది. ముక్కకు మిల్లులో స్టేప్లర్ కొట్టారు, మీద లాట్ నంబరు కూడా రాశారు. దాన్ని ప్రమీల పోగుకు పోగు కలిపి కుట్టింది. పని ఎంత బాగా చేసినా నంబరు మాత్రం కనబడుతూనే ఉంది. ఆమె కాసేపు తల అటూ ఇటూ వంచి చూసి, దీని మీద లేసు వేస్తే పోతుందని తేల్చింది. ఒక్క మూలన వేస్తే అతుకు వేసినట్టు తెలుస్తుంది గనక రెండు మూలలా వెయ్యాలంది. రెండు మూలలు వేసి నడుమ వదిలేస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది గనక కింది అంచంతా వెయ్యాలంది. రాజనర్సు పాండేసర పోయి బంగారు రంగు లేసు చుట్ట తెచ్చాడు. లైబ్రరీ పుస్తకాలు అప్పగించడానికి ఆ రోజే ఆఖరు గనక సింధూజ, త్వరగా కుట్టేసి వెళ్ళిపొమ్మని, ఎవరితో ఏమీ మాట్లాడవద్దని ఇద్దరికీ చెప్పి వెళ్ళింది.

వాళ్ళు మాట తప్పలేదు, ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు. అక్కడే వచ్చింది చిక్కు. ఏటా ఈ రోజుల్లో హాస్టల్ పరదాలన్నీ ఉతకడానికి పోతాయి. కాంట్రాక్టరు మనిషి ఈ వారంలో వస్తాడు, వస్తే విప్పించి ఇచ్చెయ్యమని ఆఫీసు వాళ్ళు శ్యాంసుందర్‌కు సోమవారమే చెప్పారు. రెండు రోజులుగా ఒక మనిషి బండి మీద వస్తున్నాడు. పరదాలను వేళ్ళతో నలిపి చూస్తున్నాడు, అగ్గిపుల్ల గీసిందీ వాటి కోసమే అయ్యుంటుంది, ఇవాళ కుట్టే మనిషిని కూడా తెచ్చాడు. శ్యాంసుందర్‌కు ఇక అనుమానం లేకపోయింది. పనివాళ్ళను పెట్టి మిగతా నలభై ఏడు గదుల పరదాలు విప్పించి, మూటలు కట్టించి, రాజనర్సు ముందు దించి, తీసుకుపొమ్మన్నాడు.

రాజనర్సు మూటలను చూశాడు. ఒక్క పరదా కోసం మిల్లులో యంత్రం తిప్పరని, ఎలా చెయ్యాలో తోచడం లేదని పొద్దున్నుంచి తమ్ముడు మొత్తుకుంటున్నాడు. బిడ్డ చదువుకున్న చోట తన పనితనం విని రెక్టర్ మేడమ్ అన్నీ ఇచ్చేసిందని ఆయన అనుకున్నాడు. కళ్ళు చెమర్చాయి. అడిగి ఆమె పెద్దమనసును చిన్న చెయ్యడం ఎందుకని అడగలేదు. కమలాకర్‌కు ఫోన్ చేస్తే టెంపో వచ్చింది.

అయిదింటికి లైబ్రరీ నుంచి వచ్చిన సింధూజ గేటు దగ్గర ఆగిపోయింది. మూడంతస్తుల హాస్టల్లో ఒక్క కిటికీకీ పరదా లేదు. విజిటర్స్ గదికి మాత్రం ఉంది, కింద బంగారు లేసుతో పెళ్ళికి ముస్తాబైనట్టు. శ్యాంసుందర్ నవ్వుతూ, పరదాలన్నీ ఉతకడానికి పట్టుకుపోయాడు, ఈ లేసు కూడా కుట్టించాడు, కాంట్రాక్టరు మంచి మనిషి అన్నాడు. ఆ మనిషి కాంట్రాక్టరు కాదని, తన నాయిన అని సింధూజ అతనికి చెప్పలేకపోయింది. నాయినకు ఫోన్ చేస్తే యంత్రాల హోరులో ఒక్క ముక్కే వినబడింది.

"పొద్దుగాల వరకు అయితయి. ఫికర్ చెయ్యకు."

శనివారం సుభాషిణీబెన్ గేటు లోపలికి వచ్చేసరికి కిటికీలకు దుప్పట్లు, చున్నీలు, చార్టు పేపర్లు, ఒక చోట వీడ్కోలు సభకు కట్టుకున్న పట్టుచీర వేలాడుతున్నాయి. ఆమె వాటిని కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా వరసగా చూసింది. ఆఫీసులో కూర్చుని పరదాలేవని శ్యాంసుందర్‌ను అడిగింది. కాంట్రాక్టరుకు ఇచ్చానన్నాడు. కాంట్రాక్టరు వచ్చే సోమవారం వస్తానని తనకు ఇప్పుడే ఫోన్ చేశాడని ఆమె చెప్పింది.

సింధూజ లోపలికి వెళ్ళి అంతా చెప్పింది. మరక, కన్నం, లేసు, టెంపో, వరసగా. ఆమె చెప్పడం ముగిసిందో లేదో గేటు ముందు టెంపో ఆగింది. రాజనర్సు, ప్రమీల, కమలాకర్ దిగారు. ముగ్గురి కళ్ళూ నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి. మూటలు విప్పితే నలభై ఎనిమిది పరదాలు మరక లేకుండా, మడత నలగకుండా, కొత్త పిస్తా రంగులో బయటపడ్డాయి. చూడ్డానికి వచ్చిన అమ్మాయిలు వాటిని చేత్తో తడిమి చూసుకున్నారు. వాళ్ళలో ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు.

సుభాషిణీబెన్ ఒక పరదాను తిప్పి తిప్పి చూసి, బాగుందంది. ఇరవై మూడో గదికి వంక ఏమీ లేదంది. నోటీసు చింపెయ్యమంది. సింధూజ ఊపిరి పీల్చుకుంది. అయితే కాంట్రాక్టరుకు కాకుండా పరదాలు ఎవరికిచ్చారో ఆఫీసు కాగితాల్లో రాసుకోవాలి గనక ఆమె గేటు రిజిస్టర్ తెప్పించింది. చదువుతూ చదువుతూ ఒక వేలు పేజీ మీద ఉంచి, రెండో చేత్తో సింధూజ దరఖాస్తు తీసింది.

"మీ నాన్నగారు మూడు రోజుల్లో ఐదు సార్లు వచ్చారు" అంది గుజరాతీలో, మెత్తగా. "లేసు కోసం పాండేసర పోయి గంటా పది నిమిషాల్లో తిరిగి వచ్చారు. నువ్వేమో ఒక వైపుకే గంటన్నర అని రాశావు."

బస్సులో అని సింధూజ చెప్పబోయింది. ఆ గుజరాతీ అర్థమైన రాజనర్సు బిడ్డను ఆదుకోవడానికి ముందుకు వచ్చాడు. ఆయన మాట్లాడింది హిందీయే అయినా తీరు పాండేసర తెలుగుది.

"గంటన్నర ఎందుకు మేడమ్, వంతెన మీదికెల్లి వస్తే అర్ధగంట. మాకేం తక్లీబ్ లేదు. రోజు పొద్దున నేనే దించిపోత, సాయంత్రం మా తమ్ముడు తోల్కపోతడు."

సింధూజ మూడేళ్ళ బల్ల ఆమె కళ్ళముందే మళ్ళీ చీరల మూటగా మారుతోంది. నాయిన మీద కోపం తెచ్చుకుందామంటే ఆయన గోళ్ళలో పిస్తా రంగు ఇంకా వదల్లేదు. ఆమెకు కోపం రాలేదు, ఏడుపు వచ్చింది.

సుభాషిణీబెన్ దూరం అన్న కారణం ఇక చెల్లదంది. ఆ మాటలో కోపం లేదు. దరఖాస్తు వెనక వైపు తిప్పి, ఇతర కారణాలు అని ఉన్న చోట వేరే కారణం ఏదైనా ఉంటే రాసుకోవచ్చంది. ఇల్లు ఇరుకు, చోటు లేదు అని రాస్తే మాత్రం విచారణకు మనిషి వెళ్ళాలని, అది తేలేసరికి జూలై దాటుతుందని, అప్పటికి సీట్లు మిగలవని కూడా చెప్పింది.

సింధూజ పెన్ను పట్టుకుని కూర్చుంది. ఏం రాయాలో తోచక తల ఎత్తింది. ప్రమీల రెక్టర్ వెనక నిలబడి, ఆమె చీర కొంగున వేలాడుతున్న రెండు దారాలను పళ్ళతో కొరికి తీస్తోంది. రాజనర్సు ఆఫీసు కిటికీని మూరతో కొలుస్తున్నాడు. దీనికి గాఢమైన రంగు నప్పుతుందని కమలాకర్ ఆయనకు చెబుతున్నాడు. సుభాషిణీబెన్ కొంగు లాక్కోలేదు గానీ, కదలకుండా బిగుసుకు కూర్చుంది.

సింధూజ ఒక్క వాక్యం రాసి కాగితం ముందుకు జరిపింది. "మా ఇంట్లో అందరూ నాకు సాయం చేస్తారు."

సుభాషిణీబెన్ దాన్ని రెండుసార్లు చదివింది. సీటు మంజూరు అని సంతకం పెట్టింది. కింద విచారణాధికారి అభిప్రాయం అన్న గడిలో, తనే ప్రత్యక్షంగా చూశానని, ఇంటికి ఎవరినీ పంపనక్కర్లేదని రాసింది.